ఏడో నంబరు కారు

సిండ్రె మంచివాడని ఊరంతా అంటుంది. నేనూ అంటాను. అది అబద్ధమైతే నాకింత బాధ ఉండేది కాదు.

వాడు మా మునిసిపాలిటీకి వచ్చింది ఆగస్టులో. అప్పటికి వాహనాల డిపోలో, తాళాలిచ్చే కిటికీ వెనక నేను కూర్చోబట్టి ఇరవై ఒక్కేళ్ళు. మంచు తోసే లారీలు, చెత్త బండ్లు, నీళ్ళ పైపుల వాళ్ళ వ్యాన్లు, ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను చూసుకునే హోమ్‌కేర్ వాళ్ళ చిన్న కార్లు, అన్నీ కలిపి అరవై మూడు. ఏది ఎంత చలికి మొరాయిస్తుందో, దేని తలుపు కొంచెం పైకెత్తి లాగితేనే పడుతుందో, ఏ డ్రైవరు పొద్దస్తమానం క్లచ్ మీద కాలు పెట్టుకుని కూర్చుంటాడో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా పై అధికారి హల్వార్డ్ కొత్త సంవత్సరానికి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదేనని నేననుకున్నాను, హల్వార్డ్ అనుకున్నాడు, బేకరీలో రొట్టెలమ్మే ఆవిడ కూడా "ఇంకెంత, బోర్గిల్డ్, నాలుగు నెలలే గదా" అంది.

అంతలో బెర్గెన్ నుంచి వీడు దిగాడు. ముప్పై మూడేళ్ళు, ఎర్ర గడ్డం, చంకలో ఒక కంప్యూటరు, అట్టపెట్టె నిండా అగ్గిపెట్టెలంత డబ్బాలు. ఆ డబ్బా కారులో పెడితే కారు ఎక్కడ తిరిగిందో, ఎంతసేపు ఊరికే నిలబడి ఉందో తెర మీద కనిపిస్తుందట. వాడి కోసం ఒక కొత్త ఉద్యోగం పుట్టించి, దానికి "వాహన సమన్వయకర్త" అని పేరు పెట్టారు. కౌన్సిల్ కమిటీ వాళ్ళు ఆ మాటను నోట్లో చక్కెర వేసుకున్నట్టు పలికేవాళ్ళు.

మొదటి రోజే నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేను సముద్రం పక్కవాణ్ణి. మా దగ్గర వాన తప్ప ఇంకోటి రాదు. ఇక్కడి చలి సంగతి నాకు బొత్తిగా తెలీదు. నేనేమన్నా తప్పు చేస్తుంటే మొహమాటపడకుండా చెప్పేయ్."

"ఏముంది చెప్పడానికి," అన్నాను. "మంచి కోటొకటి కొనుక్కో."

వాడు నవ్వి, నిజంగానే వెళ్ళి కొనుక్కున్నాడు.

మూడు వారాలు తిరక్కుండా వాడు చేసిన ఘనకార్యం చెప్తాను. కార్లు చాలడం లేదని, ఇద్దరేసి ఒకే కారులో తిరగాల్సి వస్తోందని హోమ్‌కేర్ ఆడవాళ్ళు తొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నారు. నేనూ తొమ్మిదేళ్ళుగా "లేవు తల్లీ, ఎక్కణ్ణించి తేను" అంటున్నాను. వీడు తెర ముందు రెండు పూటలు కూర్చుని, గ్రంథాలయం వాళ్ళ కార్లు రెండు, పార్కుల వాళ్ళవి రెండు వారానికి ఒక్కసారి కూడా కదలడం లేదని పట్టుకున్నాడు. నాలుగూ లాక్కొచ్చి హోమ్‌కేర్ వాళ్ళకిచ్చాడు. ఎనిమిది కార్లు పన్నెండయ్యాయి. కొత్తది ఒక్కటీ కొనలేదు. ఆ నాలుగూ ఏళ్ళ తరబడి నా కిటికీకి ఎదురుగానే నిలబడి ఉండేవి. రోజూ చూసేదాన్ని. నాకు తట్టలేదు.

కడుపు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే మండింది.

ఆ వారమే హోమ్‌కేర్ పెద్ద నర్సు మైకెన్ ఒక గిన్నె నిండా వాఫుల్స్, మా తీపి అట్లు, పేర్చి తెచ్చింది. మైకెన్, నేను ఒకే బడిలో చదువుకున్నాం. వాఫుల్స్ మీద గోధుమరంగు జున్ను, పక్కన క్లౌడ్‌బెర్రీ జామ్. క్లౌడ్‌బెర్రీలు చిత్తడి నేలల్లో రోజంతా వెతికి ఏరుకునే పళ్ళు, మా దగ్గర సొంత అక్కచెల్లెళ్ళకి కూడా ఎవరూ ఊరికే పెట్టరు.

"నువ్వూ ఒకటి తీసుకోవే," అంది. "సిండ్రె కోసం చేశాలే, మిగిలాయి."

మిగిలాయట. ఇరవై ఒక్కేళ్ళలో నా కిటికీలోంచి ఎంతమందికి ఎన్ని వేల తాళాలు ఇచ్చుంటాను. మిగిలినవి కాదు గదా, మాడిపోయినవి కూడా నాకెవరూ తెచ్చిపెట్టలేదు. తీసుకుని తిన్నాను. చాలా బాగున్నాయి, అదింకో మంట.

ఇదంతా ఆఫీసులో జరిగిందే. ఇంట్లో జరిగింది వేరే ఉంది. మా అమ్మ ఆస్లౌగ్‌కి ఎనభై ఆరేళ్ళు. ఊరికి ఏడు కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఒక్కతే ఉంటుంది. నా దగ్గరికి రమ్మంటే రాదు. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి తనంతట తాను మంచం దిగలేదు. పొద్దున్నే ఏడున్నరకు మైకెన్ ఏడో నంబరు కారు వేసుకుని ముందు మా అమ్మ దగ్గరికే వెళ్తుంది. ఆమెను లేపి, కడిగి, కాఫీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెడుతుంది. సిండ్రె దారులు చూస్తానని ఒకరోజు ఆ కారులో వెళ్ళాడు. ఆ ఆదివారం నేను వెళ్తే అమ్మ నోట వాడి మాటే.

"ఎంత నెమ్మదస్తుడే ఆ పిల్లాడు. నా కథంతా కూర్చుని విన్నాడు. నువ్వు సగంలో లేచిపోతావు."

"నాకు పనుంటుందమ్మా."

"వాడికీ ఉంటుంది గదే," అంది అమ్మ.

ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ కారులో ఒక్కదాన్నే గట్టిగా తిట్టుకున్నాను. వాణ్ణే.

ఇక అసలు సంగతికి వస్తాను. మా డిపో ఆవరణ నది వైపు వాలుగా ఉంటుంది. అక్టోబరులో నీళ్ళ పైపుల వాళ్ళ వ్యాను ఒకటి తనంతట తానే జారుకుంటూ వెళ్ళి కంచెను గుద్దింది. ఎవరో గేరులో వెయ్యకుండా దిగిపోయారు. మేము చలికాలంలో హ్యాండ్‌బ్రేకు లాగం. గేరులో వేసి దిగిపోతాం. తడిసిన బ్రేకు గడ్డకట్టి పట్టేసిందంటే చక్రం ఇక కదలదు. మా దగ్గర పిల్లలకు కారు నేర్పేటప్పుడే నాన్నలు చేతి మీద ఒక్కటేసి ఈ మాట చెప్తారు. అందరికీ తెలిసిన సంగతి గనక దాన్ని ఏ కాగితం మీదా ఎవరూ రాయలేదు.

సిండ్రె ఊరు కొండల మీద ఊరు. అక్కడ హ్యాండ్‌బ్రేకు లాగకపోతే తెల్లారేసరికి కారు పక్కింటివాళ్ళ వంటింట్లో ఉంటుంది. వాడు చక్కగా ఒక నోటీసు కొట్టి గోడకు అంటించాడు: ఏ వాహనాన్నీ హ్యాండ్‌బ్రేకు లాగకుండా వదలరాదు. హల్వార్డ్ సంతకం పెట్టాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని సంతకం చెయ్యడం నేను పదేళ్ళుగా చూళ్ళేదు. డ్రైవర్లు చదివి, "ఎండాకాలానికి పనికొస్తుందిలే" అని నవ్వుకుని, ఎప్పటిలాగే గేరులో వేసి దిగిపోయారు. సిండ్రె మాత్రం తన చేతికొచ్చిన ప్రతి బండికీ లాగేవాడు. ఆ నెల పొడిగా ఉంది, చలి ముదరలేదు, ఏమీ కాలేదు.

నేను చెప్పబోయాను. అబద్ధం కాదు, ఆ నోటీసు అంటించిన రోజునే చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే హల్వార్డ్ నా భుజం తట్టి, "చూశావా బోర్గిల్డ్, ఇన్నేళ్ళలో మనకి ఒక కాగితం రాసి పెడదామని కూడా తోచలేదు" అన్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాను.

నవంబరు మూడో వారంలో ఒక సోమవారం పదకొండింటికి కమిటీ వాళ్ళు డిపో చూడటానికి వస్తారని కబురొచ్చింది. బండ్లు చూస్తారు, నా మాట వింటారు, వాడి మాట వింటారు, హల్వార్డ్ కుర్చీ ఎవరిదో ఆ రోజే తేలుస్తారు. ముందు రోజు, ఆదివారం, నాలుగైందో లేదో డిపోలో దీపాలు వెలిగాయి. మా ఇల్లు రోడ్డుకు ఇవతలే. ఏడైనా వెలుగుతూనే ఉంటే, సిండ్రె ఏం చేస్తున్నాడో చూద్దామని కోటు తగిలించుకుని వెళ్ళాను.

హోమ్‌కేర్ కార్లు పన్నెండింటినీ ఒక్కడే కడుగుతున్నాడు. చేతులు ఎర్రగా కందిపోయాయి. కడిగిన కారునల్లా బయట వరసలో పెట్టి, ఇంజన్ హీటరు వైరు తగిలించి, ఇంకోటి లోపలికి తెచ్చుకుంటున్నాడు. నేను చూస్తుండగానే పన్నెండోది కూడా వరసలోకి వచ్చింది.

"అక్కా, బాగా వచ్చావు. చూడు, ఎలా మెరుస్తున్నాయో. రేపు వాళ్ళు వచ్చేటప్పటికి ఇవన్నీ ముసలివాళ్ళ ఇళ్ళ దగ్గరుంటాయనుకో. కనీసం మైకెన్ వాళ్ళన్నా శుభ్రమైన కార్లో తిరుగుతారు."

"రేపు చలి దిగుతుందట," అన్నాను.

"విన్నాను. సున్నాకి కింద ముప్పై అంటున్నారు. అందుకే అన్నిటికీ హీటర్లు తగిలించా. ఇంజన్లు ఒక్క తాకుకి స్టార్టవుతాయి." గర్వంగా వరస వైపు చెయ్యి చూపించాడు. "హ్యాండ్‌బ్రేకులు కూడా అన్నీ లాగేశాను. ఒక్కటి కూడా నది వైపు కదలదు."

అద్దాల్లోంచి చూశాను. పన్నెండు హ్యాండిళ్ళు నిటారుగా లేచి ఉన్నాయి. చక్రాల కిందినుంచి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. గోడ మీది థర్మామీటరు అప్పటికింకా సున్నాకి రెండే కింద చూపిస్తోంది.

ఒక్క మాట చాలు. "దించెయ్ బాబూ, పట్టేస్తాయి." అంతే. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ చివరే ఆగింది. ఎందుకు ఆగిందో నాకు స్పష్టంగా తెలుసు. ఈ మాట చెప్తే వాడు నవ్వి, థాంక్స్ అక్కా అని, పన్నెండూ దించేసి, రేపు కమిటీ ముందు "బోర్గిల్డక్క నాకు ఎంతో నేర్పింది" అంటాడు. అందరూ వాణ్ణి ఇంకొంచెం మెచ్చుకుంటారు. చెప్పకపోతే పొద్దున్నే కార్లు కదలవు. అప్పుడు నేను వేడిగాలి మెషీను పట్టుకుని వస్తాను. గంటలో అన్నిటినీ విడిపిస్తాను. ఈ ఊళ్ళో బండ్ల సంగతి ఎవరికి తెలుసో అప్పుడు చూస్తారు. ఒక్క గంట ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరు. నాకు నేను ఇలా చెప్పుకున్నాను.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది.

సిండ్రె గొట్టం చుట్టి పెట్టడానికి షెడ్డులోకి వెళ్ళాడు. తాళాలు ఇంకా కార్లలోనే ఉన్నాయి, పనంతా అయ్యాకే అవి నా కిటికీకి చేరతాయి. ఏడో నంబరు కారు తలుపు తీశాను. హ్యాండిల్ దించాను. గేరులో వేశాను. తలుపు చప్పుడు కాకుండా వేసి, వాడికి వినపడేలా "వస్తా" అని కేకేసి ఇంటికొచ్చాను. ఆ రాత్రి బాగానే నిద్రపట్టింది, అదీ చెప్పాలి.

సోమవారం పొద్దున సున్నాకి ముప్పై ఒకటి కింద. గాలి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు అంటుకుపోతున్నాయి. కావాలనే పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాను. నేను వెళ్ళేటప్పటికి పన్నెండు ఇంజన్లూ ఆడుతున్నాయి, హోమ్‌కేర్ ఆడవాళ్ళు కార్ల చుట్టూ నిలబడి ఉన్నారు. ఒకామె గేరు వేసి ముందుకు దూకించింది. ముందు చక్రాలు తిరిగాయి, వెనక చక్రాలు తిరక్కుండా కర్రల్లా మంచు మీద ఈడ్చుకుపోయాయి.

"ఎవడే వీటికి బ్రేకులు లాగింది?" అని మైకెన్ అరుస్తోంది. "ఈ చలిలో ఎవడికైనా బుద్ధుందా?"

"నేనే," అన్నాడు సిండ్రె. ముఖం పాలిపోయింది. "అన్నీ నేనే లాగాను. కడిగిన వెంటనే."

నేను వేడిగాలి మెషీను భుజాన వేసుకుని మెల్లగా ముందుకు నడిచాను. నాలుగు నెలలుగా ఎదురుచూసిన నడక అది.

మొదటి చక్రం దగ్గర నేల మీద పడుకుని మెషీను పెట్టాను. అది విడిపోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్క చక్రానికి. పదకొండు కార్లు, ఇరవై రెండు చక్రాలు. నిన్న ఇక్కడే నిలబడి "గంటలో" అనుకున్నప్పుడు నేను ఈ లెక్కే వేసుకోలేదు. నా కళ్ళ ముందు మెషీను పట్టుకున్న నేను, నన్ను చూసే జనం, అంతే ఉన్నారు.

సిండ్రె ఈలోపు నిలబడి ఏడవలేదు. అదీ నాకు కోపమే. మైకెన్‌ని పట్టుకుని, "ఎవరికి ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది? పేర్లు చెప్పు, వరసగా" అని అడిగాడు. ఇన్సులిన్ సూది కావలసినవాళ్ళు నలుగురు, నలుగురూ నది అవతల. మంచు తోసే లారీని పిలిపించి రెండు కార్లను వెచ్చని షెడ్డులోకి ఈడ్పించాడు. అందులో రెండే పడతాయి. మిగతా శాఖల బండ్లు అప్పటికే పనుల మీద వెళ్ళిపోయాయి, అందుకని ఊళ్ళో ఉన్న రెండు టాక్సీలనూ రప్పించాడు. సొంత కార్లు తెచ్చుకున్నవాళ్ళను అవే తీసుకుపొమ్మన్నాడు.

"సొంత కార్లో వెళ్ళకూడదని రూలుంది," అంది ఒకామె.

"నేను రాసిస్తాను. ఏమన్నా అయితే నాదే బాధ్యత. వెళ్ళు."

నా కారు తాళం కూడా నేనే తీసి ఇచ్చాను. అదీ నది అవతలికే పోయింది. అప్పుడు వాడు ఏడో నంబరు కారు వైపు తిరిగాడు.

"ఇదొక్కటి కదులుతోంది. మైకెన్, ఇది కూడా నది అవతలికే. ముందు సూదులు."

మైకెన్ నన్ను చూసింది. "ఇది ఆస్లౌగ్ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళే కారు. ఆవిడ మంచం దిగలేదు."

సిండ్రె వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అక్కా, మీ అమ్మగారు మంచంలో వెచ్చగానే ఉంటారు గదా. కొంచెం ఆలస్యమైతే ఫర్వాలేదా? నువ్వు కాదంటే చెప్పు."

ఏమని కాదంటాను. ఆ కారు నేను మా అమ్మ కోసం దాచుకున్నానని చెప్పనా?

"ఫర్వాలేదు," అన్నాను. "నేను నడిచన్నా వెళ్తాను."

"నువ్వు వెళ్తే ఎలా అక్కా? ఇది ఇక్కడ సరిగ్గా చెయ్యగలిగేది నువ్వొక్కదానివే. రబ్బరు కాలకుండా ఎంత దూరంలో పట్టాలో నాకు తెలీదు. నువ్విక్కడే ఉండాలి."

నువ్వొక్కదానివే. ఈ మాట వినాలని ఎంత కొట్టుకున్నానో. మంచు మీద వెల్లకిలా పడుకుని, కారు అడుగున, ముఖం మీద తుప్పు నీళ్ళు పడుతుండగా విన్నాను. అక్కడ అమ్మ గోడ గడియారం చూస్తూ పడుకుని ఉంటుంది.

ఎనిమిది దాటాక వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"అక్కా, నిన్న పన్నెండూ నేనే లాగాను. ఒక్కోటీ రెండుసార్లు చూసుకున్నాను."

"అయితే?"

"ఏడు ఎలా కదిలింది?"

"దాని అదృష్టం బాగుంది," అన్నాను, తల బయటపెట్టకుండానే.

వాడి బూట్లు కాసేపు అక్కడే నిలబడ్డాయి. తర్వాత వెళ్ళిపోయాయి.

పదకొండింటికి కమిటీ వాళ్ళు వచ్చారు. అప్పటికి ఏడు కార్లే విడిపోయాయి, మిగతావి అలాగే ఉన్నాయి. అందర్నీ కాఫీ గదిలో కూర్చోబెట్టాం. అధ్యక్షురాలు చేతి తొడుగులు కూడా తియ్యకుండా మొదలుపెట్టింది.

"ఏం జరిగింది?"

సిండ్రె లేచి నిలబడ్డాడు. "తప్పు నాది. ఇక్కడి చలికి బ్రేకులు లాగకూడదని నాకు తెలీదు. లాగాలని నోటీసు రాసింది నేనే, నిన్న లాగింది కూడా నేనే. అందరికీ తెలిసిన సంగతి నేను కనుక్కోలేదు."

"పన్నెండూ లాగావా? ఒక కారు పొద్దున్నే బయల్దేరిందన్నారే."

వాడు నా వైపు చూడలేదు. "ఒకటి మర్చిపోయుంటాను," అన్నాడు.

హల్వార్డ్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "దీన్నిబట్టి నాకొకటి అర్థమైంది. తెరలూ డబ్బాలూ బాగానే ఉన్నాయి. కానీ ఈ కుర్చీలో ఇక్కడి మనిషి ఉండాలి. పొద్దున్నుంచి ఆ మంచులో పడుకుని పని చేసింది ఎవరో మీరే చూశారు." కమిటీ వాళ్ళు తలలూపారు. అధ్యక్షురాలు నన్ను చూసి నవ్వింది. కుర్చీ నా వైపు వస్తోంది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అది నాకు బాగా చేతనైన పని.

అప్పుడు సిండ్రెని చూశాను. కాఫీ కప్పు పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. వాడికి తెలుసు. తెలిసే చెప్పలేదు. నన్ను కాపాడాడు. నా ఒళ్ళు భగ్గుమంది. నేనీ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ అది వాడు పెట్టిన భిక్ష అవుతుంది. వాడు బెర్గెన్ పోయినా, ఎక్కడికి పోయినా, నా కంటే మంచివాడిగా పోతాడు. కార్ల విషయంలో నన్ను మించాడు, ఆడవాళ్ళ దగ్గర మించాడు, మా అమ్మ దగ్గర మించాడు, చివరికి నేను చేసిన తప్పులో కూడా గొప్పదనం వాడిదేనా? ఇవ్వను. ఇదొక్కటి వాడికి ఇవ్వను.

"వాడు మర్చిపోలేదు," అన్నాను. "ఏడోది నేను దించాను. నిన్న సాయంత్రం."

పశ్చాత్తాపం వల్ల చెప్పానని తర్వాత చాలామంది అన్నారు. ఎవరి ఇష్టం వాళ్ళది.

హల్వార్డ్ మెల్లగా అడిగాడు. "నిన్ననే తెలుసా నీకు, ఇవి పట్టేస్తాయని?"

"తెలుసు."

"తెలిసి ఒక్కటే దించావా?"

"ఒక్కటే."

సిండ్రె తలెత్తాడు. వాడి ముఖంలో కోపం మొదటిసారి చూశాను. "మొదటి రోజే అడిగాను గదా నిన్ను," అన్నాడు. "చెప్పమని అడిగాను గదా."

తలుపు దగ్గర మైకెన్ ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. టోపీ మీద మంచు ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడే మీ అమ్మ దగ్గర్నుంచి వస్తున్నా," అంది నాతో. "వెళ్ళేటప్పటికి పది దాటింది. పక్కంతా తడిసిపోయింది. అందర్లోకీ తననే మర్చిపోయామనుకుందట. నీకు చెప్పొద్దంది, సిగ్గుగా ఉందట. నేను చెప్తున్నాను."

మెషీను తీసుకుని బయటికి వెళ్ళాను. ఇంకా నాలుగు కార్లున్నాయి.

సాయంత్రం అయిదింటికి అమ్మ దగ్గరికి వెళ్ళాను. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కొత్త దుప్పటి, ఉతికిన గౌను. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఆ సిండ్రె వచ్చి వెళ్ళాడే. ఇప్పుడే. అలాగే నిలబడి క్షమించమని అడిగాడు. తప్పంతా తనదేనట. పాపం, ఎంత కుమిలిపోతున్నాడో."

నా కంటే ముందు వచ్చాడు. ఇక్కడికి కూడా.

"వాడిది కాదమ్మా," అన్నాను. "నాది." మొత్తం చెప్పాను. కోటు విప్పకుండా, నిలబడే చెప్పాను. పన్నెండు కార్ల సంగతీ చెప్పాను, నేను దించిన ఒక్కదాని సంగతీ చెప్పాను. నీకోసమే దించానని కూడా అన్నాను. అది అన్నాక ఆమె ముఖం కొంచెమైనా మెత్తబడుతుందని చూశాను.

అమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"నది అవతల ఇన్సులిన్ వాళ్ళు నలుగురన్నావు. వాళ్ళలో గుద్రున్ ఉందా?"

"ఉంది."

"అది, నేను ఒకే రోజు చర్చిలో పేరు పెట్టించుకున్నాం. ఈ వయసులో దానికి సూది ఆలస్యమైతే ఏమవుతుందో నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"తెలిసి నన్నొక్కదాన్నే చూసుకున్నావు." గొంతు పెంచలేదు. అమ్మ ఎప్పుడూ గొంతు పెంచదు. "రేపు మైకెన్‌తో చెప్పు. పొద్దున్న కారు ముందు అవతలికి పోవాలి. నా దగ్గరికి అందరి తర్వాత రమ్మను. నేను ఉండగలను."

"అమ్మా, నువ్వు మంచం దిగలేవు. పదిదాకా ఎలా ఉంటావు?"

"ఈ రోజు ఉన్నాను గదే," అంది.

కుర్చీ సిండ్రెకి ఇచ్చారు. నన్ను కిటికీ దగ్గరే ఉంచారు, అది కూడా వాడు అడిగితేనే అని విన్నాను. మర్నాడు అమ్మ మాట మైకెన్‌కి చెప్పాను. మైకెన్ ఒప్పుకోలేదు, ఫోన్ చేసి అమ్మతో గంట వాదించి ఓడిపోయింది. సిండ్రె దారుల కాగితం మార్చి రాశాడు. మా అమ్మ పేరు మొదటి గీత మీద నుంచి తీసి అట్టడుగున రాసి నాకిచ్చాడు. పొద్దున్నే ఆరున్నరకు ఏడో నంబరు కారుకి ఆ దారుల కాగితం ఇచ్చేది నేనే. దాన్ని నది అవతలికి పంపించి, పదింటిదాకా గడియారం చూస్తూ కూర్చుంటాను.